పెద్ద నీటికి ఏ పడవ?

బండి ఆత్మకూరు ప్రాంతమున చేపలు పట్టువారికి పుట్టి చిరకాలపు నేస్తము. వెదురుబద్దల అల్లిక, దాని అడుగున ఒకప్పుడు తోలు, నేడు తారు పూసిన పట్టా. ఒక్క మనిషి నెత్తికెత్తుకొని గట్టు దాటగలడు. జానెడు నీటిలోనైనను తేలును. చెరువునకు దీనిని మించినది లేదు. కాని సమీపమున వెలుగోడు జలాశయము ఏర్పడిన పిమ్మట మాట వేరు. పోతిరెడ్డిపాడు, బనకచెర్ల మీదుగా వచ్చు కృష్ణాజలము నిలుచు ఈ తెలుగుగంగ జలాశయము సుమారు 17 టి.ఎం.సి.ల నీరు పట్టును.

అల పెరుగుటకు గాలి వేగము, అది వీచు కాలము, అడ్డులేక సాగు నీటి నిడివి, ఈ మూడును కావలెను. చెరువులో మూడవది చాలదు. అందుచే ఒకే గాలికి చెరువు ముడుతలు పడి ఊరకుండగా జలాశయము లేచి నిలుచును. పైగా లోతు తగ్గిన కొలది అల నిటారై విరుగును. ఒడ్డు కనబడుచున్నదను ధైర్యము అచ్చట పనికిరాదు.

ఒక వేసవి సాయంకాలము జలాశయపు కట్టపై నుండి ఇట్టి గాలిని చూచితిని. పుట్టిలో అన్నదమ్ములిద్దరు వల లాగుచుండిరి. నల్లమల మీదినుండి మబ్బు దిగినది. పుట్టికి ముందు వెనుకలు లేవు గదా, తెడ్డు వేసిన కొలది గిరగిర తిరుగసాగెను. తుదకు వారు అప్పు చేసి కొన్న వలను కోసి విడిచి గట్టెక్కిరి.

కావున పడవ కొనదలచిన శ్రోతలు రంగును, ఇంజను బలమును చూచుటకు ముందు అంచు ఎత్తు చూడవలెను. ఖాళీ పడవను చూచి మోసపోరాదు. మనుష్యులకును, తడిసిన వలకును, చేపలకును సరిపడు ఇసుకమూటలు వేసి, నీటిపై అంచు ఎంత మిగిలినదో కొలువవలెను. పిమ్మట ఇద్దరు ఒకే ప్రక్కకు జరిగి మరల కొలువవలెను. వల లాగునప్పుడు జరుగునది అదియే.

అడుగు చదునైనచో నిలుకడ మిక్కుటము, కాని అలపై దబదబ కొట్టుకొనును. కోసుగా నున్నచో అలను చీల్చును, నిలిచినప్పుడు ఊగును. ముందు కోసుగాను, వెనుక వెడల్పుగాను ఉన్నది మన పనికి మేలని నా అభిప్రాయము. అమెరికాలో బాస్ అను చేప కొరకు చేయు పడవలు అంచు తక్కువై వేగముగా పోవును. ఈరీ వంటి మహాసరస్సులకు పోవు జాలరులు వానిలోను 20 అడుగులకు మించి, ముందుభాగము ఎత్తైనవానినే కోరుదురు.

శ్రీశైల జలాశయమునకు పోవువారికి ఇంకొక చిక్కు కలదు. నీరు నిండినప్పుడు సంగమేశ్వరాలయమే మునిగిపోవును. పాత గోడలు, మోడులు కంటికి కనబడవు. ఫైబరు పడవ అడుగు చీలినను తేలునట్లు లోపల మూసిన గాలి అరలుండవలెను. అమ్మువాడు ఉన్నవని చెప్పినచో, లోతు తక్కువచోట పడవను నీటితో నింపి చూపుమని అడుగవలెను.