ఊరు చూడ వచ్చేవాళ్ళు

ఇంటికి చుట్టాలు వస్తే మనకు ఖర్చు. ఊరు చూడడానికి కొత్తవాళ్ళు వస్తే ఊరికి రాబడి. ఇలా వచ్చేవాళ్ళను పర్యాటకులు అంటారు. తిరుపతికి పోయేవాళ్ళు, అరకులోయ, బొర్రా గుహలు చూడబోయేవాళ్ళు అందరూ పర్యాటకులే.

ఒక కుటుంబం తిరుపతికి పోయిందనుకోండి. బస్సు ఎక్కుతారు. టీ తాగుతారు. గది తీసుకుంటారు. భోజనం చేస్తారు. పిల్లలకు బొమ్మలు కొంటారు. ఆ డబ్బు ఎంతమందికి చేరిందో లెక్కపెట్టండి. డ్రైవరు, టీకొట్టు ఆయన, వంటమనిషి, గదులు ఊడ్చే ఆమె, బొమ్మలు అమ్మే ఆమె. కూరగాయలు పండించిన రైతుకూ అందులో కొంత వస్తుంది. అందుకే దీన్ని పొగగొట్టం లేని పరిశ్రమ అంటారు.

దీనికి సర్కారు సాయం కావాలి. రోడ్లు వెయ్యాలి. మంచినీళ్ళు, మరుగుదొడ్లు ఉండాలి. ఆడవాళ్ళకు భయం లేకుండా ఉండాలి. మన దేశం గురించి బయటి దేశాల్లో చెప్పాలి. 2002లో కేంద్ర ప్రభుత్వం 'ఇన్‌క్రెడిబుల్ ఇండియా' అనే ప్రచారం మొదలుపెట్టింది. అబ్బురమైన భారతదేశం అని దాని అర్థం.

మరి సర్కారు అన్నీ తనంతట తానే చేస్తుందా? అడిగేవాళ్ళు ఉండాలి. హోటళ్ళవాళ్ళు 1955లోనే దేశమంతటికీ ఒక సమాఖ్య పెట్టుకున్నారు. పన్ను తగ్గించమని అడిగారు. పరిశ్రమగా గుర్తించమని అడిగారు. అలా గుర్తిస్తే కరెంటు చార్జీల వంటి వాటిలో రాయితీలు అడగవచ్చు.

అడగ్గా అడగ్గా ఫలితం వచ్చింది. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పర్యాటక రంగానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. రోజుకు 7,500 రూపాయల వరకు అద్దె ఉండే గదుల మీద జి.ఎస్.టి. నూటికి 12 రూపాయలు ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి అది 5 రూపాయలు అయింది.

హోటళ్ళవాళ్ళ మాట వినపడింది. మరి చిన్నవాళ్ళ మాట?

తెలంగాణలోని పోచంపల్లి సంగతి చూడండి. 1951లో వినోబా భావే భూదాన ఉద్యమం అక్కడే మొదలైంది. అక్కడి నేతగాళ్ళు నూలుకు చిటికి కట్టి, రంగులు అద్ది, చీరలు నేస్తారు. 2021లో ఐక్యరాజ్య సమితి పర్యాటక సంస్థ ఆ ఊరిని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది.

ఊరికి పేరు వచ్చింది. పేరుతో కడుపు నిండదు గదా! చూడ వచ్చినామె నేతగాడి దగ్గరే చీర కొంటే, ఆ డబ్బు ఆ ఇంటికే చేరుతుంది. అదే రంగుల్లో అచ్చు వేసిన మిల్లు చీర కొంటే? పేరు పోచంపల్లిది, లాభం వేరేవాళ్ళది. దీన్ని ఆపడానికి చట్టం ఉంది. వేరేచోట తయారైన గుడ్డను పోచంపల్లి ఇక్కత్ అని అమ్మకూడదు. కాని చట్టం సంగతి తెలిస్తేనే కదా అడిగేది!

నేతగాళ్ళు, ఆటోవాళ్ళు, బొమ్మలు అమ్మే ఆడవాళ్ళు కూడా సంఘంగా కలవవచ్చు. అమ్ముకోవడానికి చోటు అడగవచ్చు. గ్రామసభలో మాట్లాడవచ్చు. అర్జీ రాసి ఇవ్వవచ్చు. ఇప్పుడు మీకు చదవడం, రాయడం వచ్చు. అర్జీ కోసం ఇంకొకరి కాళ్ళు పట్టుకోనక్కరలేదు.

ఆలోచించండి:
మీ దగ్గరలో చూడదగ్గ చోటు ఏది?
అక్కడికి వచ్చేవాళ్ళ డబ్బు ఎవరికి చేరుతోంది?
మీ ఊరి తరపున మొదటి అర్జీ దేని కోసం రాస్తారు?