గ్రామపు పనులు – తనిఖీ ప్రయోజనము

చెరువు త్రవ్వుటకు ధనము మంజూరైనంతమాత్రమున దానిలో నీరు నిలువదు. పని జరుగుచుండగా కనిపెట్టి చూచువారును, ముగిసిన పిమ్మట ఫలమును లెక్కించువారును ఉండవలయును. మొదటిది పర్యవేక్షణము, రెండవది మూల్యాంకనము. పంచాయతీ పనులు నెఱవేఱుటయు వ్యర్థమగుటయు చాలవఱకు వీనిపై నాధారపడియుండును.

ఇందులకు తెలుగునాటనే యొక నిదర్శనము గలదు. 2005 వ సంవత్సరమున జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టము పుట్టెను. ఆ పథకము 2006 ఫిబ్రవరి 2 వ తేదీన అనంతపురము జిల్లాలోని బండ్లపల్లి గ్రామమున ప్రారంభింపబడెను. పనులను గ్రామసభయే తనిఖీ చేయవలయునని యా చట్టపు 17 వ సెక్షను విధించెను. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2009 లో సామాజిక తనిఖీకై ప్రత్యేక సంస్థను నెలకొల్పెను.

ఆ తనిఖీ యెట్లు జరిగెడిదనగా, శిక్షణ పొందిన యువకులు మస్టరు కాగితములతో ఇంటింటికి పోయి, “అమ్మా, నీ పేర ఇన్ని దినముల కూలి వ్రాసియున్నది, నీకు ముట్టినదా?” అని యడిగెడివారు. త్రవ్విన కాలువను టేపుతో కొలిచి, కొలతల పుస్తకముతో సరిచూచెడివారు. తేలిన సంగతులను గ్రామసభలో చదివి వినిపించెడివారు. పిమ్మట మండలకేంద్రమున అధికారులయెదుట బహిరంగ విచారణ జరిగెడిది. చదువురాని కూలివాడును తన పేరిటి లెక్కను చెవులార వినుటయే యిందలి బలము.

తనిఖీ తప్పదను నెఱుకయే మనుష్యుని జాగరూకుని జేయును. ఇండొనీషియాలో 2003, 2004 సంవత్సరములలో ఆఱువందలకు పైబడిన గ్రామముల రోడ్లపై బెంజమిన్ ఓల్కెన్ అను ఆర్థికశాస్త్రజ్ఞుడు పరిశోధన చేసెను. ఇంజనీర్లు రోడ్లను అచ్చటచ్చట త్రవ్వి, వాడిన సామగ్రిని లెక్కగట్టిరి. ప్రభుత్వ తనిఖీ నిశ్చయమని ముందుగా తెలిపిన గ్రామములలో, లెక్కకు రాని సొమ్ము మొత్తము వ్యయములో నూటికి సుమారు 8 పాళ్లు తగ్గెను.

అయినను తనిఖీ దీపమువంటిది. దొంగను జూపునుగాని పట్టుకొనజాలదు. ఆంధ్రదేశమున బయటపడిన సొమ్ములో పెద్దభాగము తిరిగి వసూలు కాలేదని పరిశోధకులు కనుగొనిరి. తప్పు తెలిసియు దిద్దనిచో కూలివారు గ్రామసభకు వచ్చుటయే మానుదురు.

విద్యార్థులారా! మీరు గణితమున నేర్చు ఘనపరిమాణము పరీక్షకొఱకు మాత్రమే కాదు. సెలవులలో మీ యూరి కాలువ నొకదానిని కొలిచి చూడుడు. దాని లెక్కను గ్రామసభలో అడుగుమని మీ తలిదండ్రులతో చెప్పుడు.