తుంటి ఆపరేషన్ తరవాత మళ్లీ బరువు పనికి

తుంటి కీలు ఆపరేషన్‌కు సాయం చేయమని మన సొసైటీకి అర్జీలు వస్తూనే ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగం ఎండలో ఒళ్లు వంచి పనిచేసేవాళ్లవి. మిర్చి యార్డు హమాలీలు, తాపీ పనివారు, తోపుడు బండ్లవాళ్లు, కౌలు రైతులు. అర్జీలో రాసేది ఆపరేషన్ ఖర్చు ఒక్కటే. దాతలు అడిగేదీ అదే. "ఆపరేషన్ అయిందా మాస్టారూ?" అని అడుగుతారు, అయిందంటే అల్‌హమ్దులిల్లాహ్ అంటారు. ఆ మనిషి తిరిగి పనిలోకి ఎప్పుడు వెళ్లాడు, అసలు వెళ్లాడా అన్నది ఎవరూ అడగరు. బడిలో హాజరు పట్టీ రాసే మాకు ఆ సంగతి వేరే దారిన తెలుస్తుంది. తొమ్మిదో తరగతి కుర్రవాడు వరసగా రెండు వారాలు రాకపోతే ఇంటికి వెళ్లి చూస్తాం. తండ్రి వాకరు పక్కన పెట్టుకుని మంచం మీద ఉంటాడు, కుర్రవాడు కూలికి పోయి ఉంటాడు. అందుకే ఈసారి ఆపరేషన్ గురించి కాకుండా, దాని తరవాతి నెలల గురించి రాస్తున్నాం.

తుంటి కీలు అంటే గిన్నెలో తిరిగే బంతి. తొడ ఎముక పై కొస గుండ్రంగా ఉండి, నడుము కింది ఎముకలోని గుంటలో కూర్చుంటుంది. వయసు మీద పడి కీలు అరగడం ఒక రకం. మన దగ్గరికి వచ్చేవాళ్లలో ఇంకో రకం కనబడుతుంది. ఆ బంతికి రక్తం అందక, ఎముక చచ్చుబడి, కుంగిపోతుంది. ఇది ముప్పై, నలభై ఏళ్ల వయసులోనే రావచ్చు. స్టెరాయిడ్ మందులు ఎక్కువకాలం వాడటం, మద్యం, తుంటి దగ్గర ఎముక విరగడం దీనికి ముఖ్య కారణాలు. కొందరిలో ఏ కారణమూ దొరకదు. కీలు బాగా పాడయితే మార్చక తప్పదు. లోహపు బంతి, గట్టి ప్లాస్టిక్ గిన్నె కలిపి చేసే ఇప్పటి పద్ధతికి 1962లో ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ అనే సర్జను సరైన దారి వేశారు. ఆపరేషన్ మర్నాడే చాలామందిని వాకరు పట్టించి నిలబెడతారు. ఏళ్ల తరబడి ఉన్న నొప్పి ఒక్కసారిగా పోతుంది.

చిక్కు అక్కడే మొదలవుతుంది. నొప్పి పోయింది, సుమారు రెండు వారాలకు కుట్లు తీసేశారు, పైకి గాయం మానింది. "సార్, ఇంక కూర్చుని ఏం చేయాలి? కాలు బాగానే ఉందిగా" అని ఒక హమాలీ సోదరుడు మమ్మల్ని అడిగాడు. చర్మం మానినంత తొందరగా లోపలి కండరం మానదు. సిమెంటు లేకుండా అమర్చిన కీలు అయితే ఎముక దాన్ని పట్టుకుని ఎదగడానికే ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. బంతి గిన్నెలోంచి జారిపోయే ప్రమాదం కూడా మొదటి మూడు నెలల్లోనే ఎక్కువ. కుర్చీలాంటి పనికి ఆరు వారాల్లో వెళ్లవచ్చునేమో. బరువు పనికి మూడు నెలలు కనీసం, చాలామందికి ఆరు నెలల దాకా పడుతుంది. విరిగిన ఎముకకు స్క్రూలు, ప్లేట్లు వేసిన కేసుల లెక్క వేరు. అక్కడ కాలు మీద బరువు ఎప్పుడు మోపాలన్నది ఎక్స్‌రే చూసి డాక్టరు చెప్పాల్సిందే.

బరువు సంగతి కాస్త వివరంగా చెప్పాలి. తరగతిలో తులాదండం పాఠం చెప్పేటప్పుడు తుంటి కీలును ఉదాహరణగా చూపిస్తే పిల్లలు ఆశ్చర్యపోతారు. నడకలో ప్రతి అడుగుకూ మనం క్షణంసేపు ఒంటికాలి మీద నిలబడతాం. అప్పుడు ఒంటి బరువు కీలుకు లోపలివైపు ఎక్కువ దూరంలో కిందికి లాగుతుంది. పడిపోకుండా పిరుదు పక్కనున్న కండరం బయటివైపు నుంచి లాగిపట్టాలి. అది కీలుకు చాలా దగ్గరగా ఉంది కాబట్టి రెట్టింపు బలం పెట్టాలి. ఈ రెండూ కలిసి కీలు మీద పడేది ఒంటి బరువుకు సుమారు రెండున్నర నుంచి మూడు రెట్లు. అంటే 60 కిలోల మనిషి ఉత్త చేతులతో నడిచినా కీలు మోసేది 150 నుంచి 180 కిలోలు. అతని వీపు మీద 40 కిలోల మిర్చి టిక్కీ పెడితే అది 250, 300 కిలోలు అవుతుంది. రోజుకు ఎన్ని టిక్కీలో, ఎన్ని అడుగులో దాతలే ఊహించుకోవచ్చు.

చేతికర్ర ఆపరేషన్ అయిన కాలికి ఎదుటివైపు చేతిలో పట్టుకోమనడం కూడా ఇందుకే. కర్ర ఆ దూరంలో ఆనితే పిరుదు కండరానికి పని తగ్గుతుంది. చూడబోతే వందలో చాలామంది నొప్పి ఉన్న వైపే పట్టుకుంటారు. సంచీ మోయాల్సి వస్తే మాత్రం ఆపరేషన్ అయిన వైపు చేతిలోనే మోయాలి. వింతగా తోచినా తులాదండం లెక్క అలాగే వస్తుంది.

ఇంట్లో మొదటి నెలల్లో ఎదురయ్యేవి కూర్చోవడం, లేవడం. తుంటి కీలు వెనకవైపు నుంచి ఆపరేషన్ చేసినవాళ్లు తొడను నడుముకు 90 డిగ్రీలకు మించి వంచకూడదంటారు. కాలు మీద కాలు వేసుకోకూడదు, పాదం లోపలికి తిప్పకూడదు. మన ఇళ్లలో నేల మీద కూర్చుని తింటాం, చాలాచోట్ల మరుగుదొడ్డి నేలబారుదే. కాబట్టి కమోడ్ కుర్చీ, ఎత్తైన కుర్చీ ఉండాలి. ఈ రెండూ ఉన్న ఇళ్లు తక్కువ. నమాజు సంగతి అందరూ అడుగుతారు. సజ్దాలోనూ, ఖాయిదాలో కూర్చోవడంలోనూ తుంటి బాగా వంగుతుంది. నిలబడలేని, వంగలేని రోగికి కూర్చుని చదువుకునే వెసులుబాటు దీన్‌లోనే ఉంది కదా. కుర్చీ మీద నమాజు చేస్తే నలుగురూ ఏమంటారోనని సిగ్గుపడి మసీదుకే రావడం మానేసినవాళ్లు మాకు తెలుసు. ఇమాం సాహెబులు జుమా రోజున ఒక్క మాట చెబితే ఆ సిగ్గు పోతుంది.

పిక్క వాచి నొప్పి పెట్టినా, ఊపిరి ఆడకపోయినా, గాయం ఎర్రబడి రసి కారినా, జ్వరం వచ్చినా, కాలు ఉన్నట్టుండి పొట్టి అయినట్టు కనబడినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

పనికి తయారయ్యాడా లేదా అన్నది తారీకు చూసి చెప్పేది కాదు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవగలగాలి. ఆపరేషన్ అయిన కాలి మీద ఒక్కదాని మీదే నిలబడితే నడుము పక్కకు వాలకూడదు. కుంటకుండా అరగంట నడవగలగాలి. ఇవన్నీ వ్యాయామంతో వచ్చేవి, విశ్రాంతితో వచ్చేవి కావు. ఫిజియోథెరపీకి పట్నానికి వచ్చిపోయే ఆటో ఖర్చుకు జంకి మానేసినవాళ్లే ఎక్కువ. ఇవన్నీ కుదిరాక కూడా మొదట సగం పూట, ఎత్తుపల్లాలు లేని చోట, పది కిలోల లోపు బరువుతో మొదలుపెట్టాలి. బురద గట్లు, నిచ్చెనలు చివరికి వదిలేయాలి.

కొన్ని పనులకు తిరిగి వెళ్లకపోవడమే మంచిదని మా అభిప్రాయం. మార్చిన కీలు చాలామందికి పదిహేను, ఇరవై ఏళ్లు పనిచేస్తుంది. నలభై ఏళ్ల మనిషి దాని మీద రోజూ టిక్కీలు మోస్తే అంతకాలం నిలుస్తుందని ఏ సర్జనూ హామీ ఇవ్వడు. రెండోసారి మార్చడం మొదటిదానికన్నా కష్టం. హమాలీకి యార్డులోనే కాటా దగ్గర పని, తాపీ మేస్త్రీకి కింద నిలబడి చేయించే పని చూపించగలిగినవాళ్లు మన దాతల్లోనే ఉన్నారు. కమీషన్ కొట్లు, కట్టడాలు నడిపేవారు ఈ మాట మనసులో పెట్టుకోవాలి. డబ్బు ఇచ్చినదానికన్నా ఇది పెద్ద సాయం.

కాలం చూసుకోవడం కూడా ముఖ్యమే. గుంటూరు మిర్చి సీజను ఫిబ్రవరి నుంచి జోరందుకుంటుంది, ఎండాకాలం యార్డుకు సెలవులిస్తారు. విరిగిన ఎముక ఆగదు కానీ, కీలు మార్పిడి చాలావరకు తేదీ చూసుకుని చేయించుకునేదే. జులైలో చేయించుకుంటే ఆరు నెలలు గడిచేసరికి సీజను వస్తుంది. మనకు జకాత్ మాత్రం రంజానులో వస్తుంది. రంజాను ఏటా సుమారు 11 రోజులు వెనక్కి వస్తుంటుంది, యార్డు సీజను ఉన్నచోటనే ఉంటుంది. ఆపరేషన్‌కు ఇచ్చే మొత్తంలో కొంత విడిగా పెట్టి నెలనెలా ఇవ్వమని మేము కమిటీని కోరుతున్నది అందుకే.

ఇది కొత్త ఆలోచన కాదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఆపరేషన్ ఖర్చు చూసేది. కోలుకునే రోజుల్లో కూలి పోతుందని గుర్తించి, 2019 డిసెంబరులో ఆరోగ్య ఆసరాను మన గుంటూరులోనే ప్రారంభించారు. రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 మించకుండా ఇవ్వాలన్నది నిర్ణయం. అంటే నెలకు సుమారు 22 రోజుల కూలి లెక్క. మన సాయం కూడా అలాంటి కొలత పెట్టుకుంటే ఆరు నెలలకు ఒక్కో ఇంటికి 30,000 అవుతుంది. ఆ ఇంటి కుర్రవాడు పరీక్షలు రాసేదాకా బడిలో ఉంటాడు.

వాడి మూలన పెట్టిన వాకర్లు, కమోడ్ కుర్చీలు, చేతికర్రలు మీ ఇళ్లల్లో ఉంటే సొసైటీ ఆఫీసుకు పంపండి. కింది రబ్బరు బుడిపెలు అరిగిపోయి ఉన్నా ఫరవాలేదు. కొత్తవి వేయించి, ఎత్తు సరిచేసి, అవసరమున్న ఇంటికి చేరుస్తాం.