పరీక్షకు ఇంటిలోనే వెబ్ సర్వర్

వెబ్ పుటలు వ్రాయ నేర్చుకొనువారిలో పలువురకు తొలి దినములలోనే ఒక చిక్కు ఎదురగును. తాము వ్రాసిన ఇండెక్స్ ఫైలును నేరుగా బ్రౌజరులో తెరచినచో తెల్లని తెర తప్ప వేరేమియు కానరాదు. ప్రోగ్రాములో తప్పున్నదని గంటల కొలది వెదకుదురు. తప్పు పలుమారులు అచట నుండదు.

కారణ మేమన, ఫైలుగా తెరచిన పుట జావాస్క్రిప్టు మాడ్యూళ్లను కోరినపుడు, భద్రతా నియమమును బట్టి బ్రౌజరు నిరాకరించును. కాబట్టి కోరినదానిని అందిచ్చు సర్వర్ ఒకటి కావలెను. అది ఎచటనో దూరమున నుండ నక్కరలేదు. ప్రసారమునకు ముందు కార్యక్రమమును స్టూడియోలోనే విని సరిచూచుకొనుట మా వృత్తిలో నిత్యకృత్యము, ఇదియు నట్టిదే.

పైథాన్ 3 ఉన్న కంప్యూటరులో వేరు సాధనము అక్కరలేదు. టెర్మినల్ తెరచి, ప్రాజెక్టు ఫోల్డరులో ప్రవేశించి, 'పైథాన్3 -ఎమ్ హెచ్‌టిటిపి.సర్వర్ --బైండ్ 127.0.0.1' అను ఆజ్ఞను ఇంగ్లీషు అక్షరములలో కొట్టవలెను. పిమ్మట బ్రౌజరులో 'లోకల్‌హోస్ట్:8000' అనిన పుట కనిపించును. ఆజ్ఞలోని చివరి భాగమును విడువవలదని మా సలహా. విడిచినచో అదే వై-ఫైలోని ఇతర యంత్రములకును మీ ఫోల్డరు తెరచియుండును.

ఇక అసలు చిక్కు. సింగిల్ పేజ్ అప్లికేషనులో పుట ఒక్కటే. 'పుస్తకములు', అందులో '5' అను చిరునామాలు, మనము లింకు నొక్కినపుడు జావాస్క్రిప్టు అడ్రసు పట్టీపై వ్రాయు పేర్లే కాని ఫైళ్లు కావు. లింకులు నొక్కుచున్నంతసేపు అంతయు సజావుగనే సాగును. అచట నుండి పుటను రీలోడ్ చేసి చూడుడు: బ్రౌజరు ఆ పేరుగల ఫైలును సర్వరు నడుగును, లేదు గనుక 404 వచ్చును. పాపము, పైథాన్ సర్వరు నిజమే చెప్పినది! మన ఏర్పాటు దానికి తెలియదు.

ఫైలు లేని చిరునామా వచ్చినపుడు ఇండెక్స్ పుటనే ఇమ్మని సర్వరుకు చెప్పుటయే మందు. నోడ్ గలవారు 'ఎన్‌పిఎక్స్ సర్వ్ -ఎస్' అనిన ఇది జరుగును. అయితే ఈ మందుకు ఒక వికారము కలదు. స్క్రిప్టు ఫైలు పేరును తప్పు వ్రాసినను 404 రాక ఇండెక్స్ పుటయే వచ్చును. జావాస్క్రిప్టునకు బదులు హెచ్‌టిఎమ్‌ఎల్ చూచి బ్రౌజరు మొఱపెట్టును. అట్టి మొఱ వినినపుడు ప్రోగ్రామును గాక ఫైలు పేరును ముందు చూడుడు.

అప్లికేషనును లోకమునకు విడుచునపుడు ఆ సర్వరునకును ఇదే నియమ ముండవలెను. ఎంజినెక్స్‌లో ఈ పనిని 'ట్రై ఫైల్స్' అను ఆజ్ఞ చేయును. పైథాన్ సర్వరును మాత్రము పరీక్షకే ఉంచుకొనుడు. బహిరంగ వినియోగమునకు అది తగదని దాని పత్రములే చెప్పుచున్నవి.