మూత్రములో నెత్తురు : మూత్రపిండపు క్యాన్సరును గూర్చి

మూత్రములో నెత్తురు కనబడి, నొప్పి ఏమియు లేక, మూడు నాళ్లలో దానంతటదే ఆగిపోయినచో మన ఇండ్లలో అందరును అనుమాట "వేడి చేసినది" అని. బార్లీ నీళ్లు, సబ్జా గింజలు, మజ్జిగ ఇత్తురు. నెత్తురు ఆగును గనుక వైద్యము పనిచేసినదనియే తోచును. కాని మూత్రపిండపు క్యాన్సరులో నెత్తురు ఇట్లే వచ్చి, ఇట్లే పోయి, కొన్ని నెలలకు మరల కనబడవచ్చును. గడ్డ పెరుగునది ఆ నెలలలోనే.

గుంటమగ్గము వారికి ఇంకొక చిక్కు గలదు. నడుము నొప్పి మనకు వృత్తితో వచ్చినదే. అందుచేత డొక్కలో ఒకే ప్రక్కన ఉండి, విశ్రాంతికి తగ్గని నొప్పిని గూడ మగ్గము మీదికే నెట్టివేయుదుము. దుకాణములో అడిగి తెచ్చుకొను నొప్పి మాత్రలు ఏండ్ల తరబడి మ్రింగినచో మంచి మూత్రపిండమునకును చేటే. కారణము లేక బరువు తగ్గుట, విడువని జ్వరము, రక్తహీనత గూడ ఈ వ్యాధి గుర్తులు కావచ్చును. పొగ త్రాగుట, స్థూలకాయము, రక్తపుపోటు దీనికి దోహదము చేయును. బీడీ పొగయు పొగయే.

రంగుల పనిలో ఉన్నవారు మరొక సంగతి తెలియవలెను. రంగుల కర్మాగారపు పనివారిలో మూత్రాశయపు క్యాన్సరును లుడ్విగ్ రేన్ అను జర్మను శస్త్రవైద్యుడు 1895లోనే గమనించి ప్రకటించెను. అక్కడను మొదటి గుర్తు తరచు నొప్పిలేని నెత్తురే. కావున ఒక్కసారి కనబడినను మూత్రపరీక్ష, పొట్టకు అల్ట్రాసౌండు స్కానింగు చేయించుకొనవలెను. జిల్లా ఆసుపత్రిలో ఇవి జరుగును. గడ్డ కనబడినచో సి.టి. స్కానింగు కావలెను.

గడ్డ మూత్రపిండము దాటనంతవరకు శస్త్రచికిత్సయే ప్రధాన వైద్యము. చాలమందికి దానితోనే నయమగును. 4 సెంటీమీటర్లకు లోపైనచో, వీలున్నంతవరకు గడ్డను మాత్రమే తీసి మిగిలిన మూత్రపిండమును కాపాడుదురు. పెద్దదైనచో మొత్తము తీయవలసి రావచ్చును. రెండవది బాగున్న మనిషి ఒక్కదానితో బ్రతుకగలడు, కోలుకొనిన పిమ్మట మగ్గమెక్కగలడు. చిన్న రంధ్రముల ద్వారా చేయు ఆపరేషనులో నొప్పి తక్కువ, త్వరగా ఇల్లు చేరవచ్చును. అంతమాత్రమునకై అప్పు చేయనక్కరలేదు. నేర్పుగల వైద్యుడు పాత పద్ధతి కోతతోను క్యాన్సరును అంత బాగుగానే తొలగించును.

వ్యాధి ఇతర అవయవములకు ప్రాకినచో సంగతి వేరు. మామూలు కీమోథెరపీ దీనిపై అంతగా పనిచేయదు. 2005 తరువాత వచ్చిన మాత్రలు వ్యాధిని కొంతకాలము అదుపులో ఉంచును. వాటిలో సొరాఫెనిబ్ ఒకటి. జర్మనీ కంపెనీ బేయరు దీనికి మన దేశములో నెలకు సుమారు 2,80,000 రూపాయలు తీసికొనుచుండెను. 2012 మార్చిలో భారత పేటెంట్ల కంట్రోలరు హైదరాబాదులోని నాట్కో కంపెనీకి నిర్బంధ లైసెన్సు ఇచ్చుటతో అది 9,000 రూపాయలకు లోపుగా లభించెను. మన దేశములో ఇట్టి లైసెన్సు అదియే మొదటిది. నేడు ఈ వ్యాధికి ఎక్కువగా వాడు సునిటినిబ్, పజోపనిబ్ మాత్రలను గూడ మన కంపెనీలు చేయుచున్నవి. ఇమ్యునోథెరపీ ఇంజెక్షనుల ధర మాత్రము ఇంకను మిక్కిలి హెచ్చు. ఇల్లు, మగ్గము అమ్మకముందే "దీనివలన ఎంత కాలము మేలు?" అని వైద్యుని సూటిగా అడుగుట తప్పు కాదు.

ఎక్కడికి పోవలెను? షోలాపూరు వారికి ఆ జిల్లాలోనే బార్శీలో నర్గీస్ దత్ స్మారక క్యాన్సరు ఆసుపత్రి గలదు; భివండి వారికి బొంబాయి టాటా మెమోరియల్ దగ్గర. తమిళనాట 1954లో డాక్టరు ముత్తులక్ష్మీ రెడ్డి స్థాపించిన అడయారు సంస్థ, బెంగుళూరులో కిద్వాయి, కటకములో ఆచార్య హరిహర సంస్థ ఉన్నవి. యానాము వారికి పుదుచ్చేరి జిప్మరు దూరము. విశాఖపట్నపు హోమీ భాభా క్యాన్సరు ఆసుపత్రి దగ్గర. 2018లో మొదలైన ఆయుష్మాన్ భారత్ క్రింద అర్హత గల కుటుంబమునకు సాలున 5 లక్షల రూపాయల వరకు వైద్యము లభించును. ఆ కార్డు పథకములో చేరిన పొరుగు రాష్ట్రపు ఆసుపత్రులలోను చెల్లును. ఆపరేషనుకు ముందే కార్డు చూపవలెను. డబ్బు కట్టిన తరువాత తిరిగి రాబట్టుట కష్టము.

ఆపరేషను అయిన పిమ్మట కొన్నేండ్లు, వైద్యుడు చెప్పిన గడువులలో, స్కానింగును రక్తపరీక్షయు జరుగవలెను. పాత స్కానింగు చిత్రములు, ఆసుపత్రి చీటీలు అన్నియు ఒకే సంచిలో భద్రపరచి, పోయిన ప్రతిసారియు వెంట తీసికొని పోవలెను.