నివురు గప్పిన నిప్పు: బొగ్గుల కుంపటిని శుభ్రపరచు విధానము

బొగ్గుల కుంపటి మన దేశమున అనేక రూపములలో వాడుకలో నున్నది. హైదరాబాదు వీధులలో సీకు కబాబులు కాల్చు పొడవైన ఇనుపతొట్టి, వానకాలమున మొక్కజొన్న పొత్తులు కాల్చు బండిమీది చిన్న కుంపటి, ఉత్తరాదిని చలి కాచుకొనుటకు వాడు అంగీఠీ, నగరములలో మేడలమీద కొన్ని కుటుంబములు వాడుచున్న మూతగల గ్రిల్లు, ఇవి యన్నియు ఒకే జాతికి చెందినవి. వంటకు వాడు కుంపటులలో బొగ్గులపైన ఇనుప చువ్వలు గాని జాలీ గాని యుండును. బొగ్గుల క్రింద బూడిద రాలుటకు చోటుండును.

వాడిన పిదప ఇందులో రెండు పదార్థములు మిగులును. ఒకటి బూడిద, రెండవది జిడ్డు. చాలమంది వీనిని కంటికి అసహ్యమగు మురికిగా మాత్రమే తలంతురు. కాని బూడిద నిప్పును దాచును, జిడ్డు నిప్పును పెంచును. ఈ రెండు గుణములను మరచుటవలననే కుంపటిని శుభ్రము చేయువేళ చేతులు కాలుట, చెత్తకుప్పలు అంటుకొనుట, ఒక్కొక్కప్పుడు ప్రాణహానియు సంభవించుచున్నవి. కావున కుంపటిని ఎట్లు, ఎప్పుడు, దేనితో శుభ్రపరచవలెనో ప్రతి కుటుంబము, ప్రతి వ్యాపారి తెలిసికొనుట అవసరము.

బూడిద స్వభావము

నివురు గప్పిన నిప్పు అను మాట మనకు సామెతగా పరిచితమే. దాని వెనుక అనుభవమున్నది. అగ్గిపెట్టెలు అరుదైన కాలమున ఇండ్లలో రాత్రివేళ నిప్పు కణికెలపై బూడిద కప్పి యుంచి, తెల్లవారిన పిదప ఆ నిప్పుతోనే పొయ్యి రాజేసెడివారు. బూడిద వేడిని సులభముగా బయటికి పోనీయదు. గాలిని కొద్దిగా మాత్రమే లోనికి రానిచ్చును. అందుచేత కణికె త్వరగా ఆరిపోక, త్వరగా కాలిపోక, గంటల తరబడి లోలోపల నిలిచియుండును. పైన చేయి పెట్టిచూచిన వెచ్చదనము తోచకపోవచ్చును. కదిపి గాలి తగిలించిన వెంటనే అది మరల ఎర్రబారును.

పూర్వులకు మేలుచేసిన ఈ గుణమే అజాగ్రత్తగా నున్నవారికి కీడు చేయును. రాత్రి కాల్చిన కుంపటిలోని బూడిదను ఉదయమున కాగితపు పెట్టెలోనో ప్లాస్టిక్ సంచిలోనో పోసినచో అది అంటుకొనవచ్చును. వీధి ప్రక్కన చెత్తకుప్పపై పారబోసినచో అచ్చట చెత్త ఏరుకొనువారు, ఆడుకొను పిల్లలు, మేతకు వచ్చు పశువులు తెలియక దానిని త్రొక్కి కాళ్లు కాల్చుకొందురు. మన ఇంటిలో ఆరిపోయినదనుకొన్న నిప్పు ఇతరుల బిడ్డకు గాయము కాగూడదు.

బూడిదను తొలగించుట

వంట ముగిసిన పిదప మూతగల గ్రిల్లు అయినచో మూతను, గాలి కంతలను మూసివేయవలెను. గాలి అందక నిప్పు క్రమముగా ఆరును. ఆరిన తరువాతను బూడిదను కనీసము 24 గంటలు, వీలైనచో 48 గంటలు కదపకుండ ఉంచుట మంచిది.

అంత వ్యవధి లేని వ్యాపారులు కణికెలను పొడవైన పటకారుతో ఒక్కొక్కటిగా తీసి నీళ్లున్న ఇనుప బాల్చీలో వేయవలెను. వేడి కుంపటిలో ఒక్కసారిగా నీరు గుమ్మరింపరాదు. అట్లు చేసినచో ఆవిరియు వేడి బూడిదయు ఎగిసి ముఖమును, కన్నులను కాల్చును. పోత ఇనుముతో చేసిన భాగములు పగులుటయు కలదు.

చల్లారిన బూడిదపై కొంచెము నీరు చిలకరించి, ముక్కుకు గుడ్డ కట్టుకొని, చిన్న పారతో ఎత్తవలెను. నోటితో ఊదుట, గట్టిగా చీపురుతో ఊడ్చుట తగదు. సన్నని ధూళి కన్నులలోను, ఊపిరితిత్తులలోను చేరును. ఎత్తిన బూడిదను మూతగల లోహపు పాత్రలో పోసి, ఇంటి గోడలకు, కట్టెలకు, గడ్డికి దూరముగా ఆరుబయట నుంచవలెను. పూర్తిగా చల్లారెనని రూఢియైన పిమ్మటనే పారవేయవలెను.

తడిసిన బూడిద క్షారగుణము కలది. కుంపటిలోనే వదలివేసినచో, ముఖ్యముగా వానకాలమున, తేమను పట్టి ఇనుమును తినివేయును. కుంపటి అడుగు చిల్లులు పడినచో నిప్పు నేలపై రాలును. అంతేగాక బూడిద నిండిన కుంపటిలో క్రిందినుండి గాలి ఆడదు. బొగ్గు సరిగా కాలక పొగయు విషవాయువును హెచ్చును. కావున క్రొత్తగా బొగ్గు పోయుటకు ముందు ప్రతిసారియు పాత బూడిదను తీయవలెను.

జిడ్డును తొలగించుట

మాంసము, చేపలు, నూనె పూసిన కూరగాయలు కాలునప్పుడు క్రొవ్వు కరగి చువ్వలకు అంటును. కొంత బొగ్గులపై పడును. చువ్వలకు అంటినది మాడి నల్లని పొరగా అట్టకట్టును. మరునాడు వేడి తగిలినప్పుడు ఆ పొర పెళ్లలుగా ఊడి ఆహారముతో కలియును. పళ్లెమున నిలిచిన జిడ్డు మంటయై లేచును. నిలువ జిడ్డు ఈగలను, బొద్దింకలను, ఎలుకలనుకూడ ఆకర్షించును.

జిడ్డు గోరువెచ్చగా నున్నప్పుడు సులభముగా వదలును. వంట ముగిసిన పిదప 10 నుండి 15 నిమిషములు జాలీని బొగ్గులపైననే ఉంచినచో జిడ్డు చాలవరకు కాలి పెళుసుబారును. వేడి కొంత తగ్గిన పిమ్మట పొడవైన పిడిగల అట్లకాడతో గీకవలెను. పూర్తిగా చల్లారిన తరువాత జాలీని వేడినీటిలో చాకలిసోడా గాని సబ్బు గాని కలిపి అరగంట నానబెట్టి, కొబ్బరిపీచుతో తోమి, మంచినీటితో కడిగి, పొడిగుడ్డతో తుడువవలెను. చివర పలుచగా వంటనూనె పూసినచో త్రుప్పు పట్టదు. క్రింది పళ్లెమునుకూడ ఇట్లే కడుగవలెను.

మన ఇండ్లలో బూడిదతో అంట్లు తోము ఆచారము చిరకాలముగా నున్నది. కట్టెబొగ్గు బూడిదలోని పొటాషియము కార్బనేటు నీటిలో కరగి క్షారజలమై జిడ్డును వదలించును. సన్నని రేణువులు మసిని రాపాడును. చల్లారిన శుభ్రమైన బూడిదతో ఇనుప చువ్వలను నిరభ్యంతరముగా తోమవచ్చును. కాని అల్యూమినియము పళ్లెములకు క్షారము సరిపడదు. అది లోహమును తిని మచ్చలు చేయును. చేతులకు తొడుగులు లేనిచో చర్మముకూడ పొడిబారి పగులును.

బజారులో దొరకు ఘాటైన జిడ్డుమందులలో కాస్టిక్ సోడా ఉండవచ్చును. అది చర్మమును, కంటిని కాల్చును. వేడి కుంపటిపై దానిని వాడరాదు. బ్లీచింగు ద్రావణమును ఆమ్లముతో గాని అమ్మోనియాతో గాని ఎన్నడును కలుపరాదు, విషవాయువులు పుట్టును.

తీగె బ్రష్షుతో ప్రమాదము

ఇనుప తీగెల బ్రష్షుతో గీకుట సులువే. కాని పాతబడిన బ్రష్షునుండి సన్నని తీగెలు ఊడి చువ్వలకు అంటుకొని, అచ్చటినుండి ఆహారములో చేరగలవు. అమెరికాలోని ప్రావిడెన్స్ నగరమున 2011-2012 సంవత్సరములలో ఇట్టి తీగెలను మింగిన ఆరుగురి సంగతిని ఆ దేశపు వ్యాధి నివారణ కేంద్రములు 2012లో ప్రకటించినవి. ఆ గాయములు మెడలోపలి మెత్తని భాగములలో తీగె గుచ్చుకొనుట మొదలు ప్రేవులకు రంధ్రము పడి అత్యవసర శస్త్రచికిత్స చేయవలసివచ్చుట వరకు ఉన్నవి. కావున కొబ్బరిపీచు, అట్లకాడ మేలు. తీగె బ్రష్షు వాడినచో పిదప జాలీని తడిగుడ్డతో తుడిచి, వెలుతురున పరీక్షింపవలెను. కాల్చిన ఆహారము తిన్నవెంటనే గొంతులో గుచ్చినట్లుండినను, కడుపులో తీవ్రమగు నొప్పి కలిగినను వైద్యునికి చూపించుకొని, ఈ సంగతి తప్పక చెప్పవలెను.

పొగలోని హాని

నిప్పుపై పడిన క్రొవ్వు కాలి లేచు పొగలో బెంజోపైరీను వంటి పదార్థములుండును. అవి ఆహారమునకు అంటును. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ బెంజోపైరీనును మానవులకు క్యాన్సరు కలిగించు పదార్థముగా వర్గీకరించినది. ఎప్పుడో ఒకనాడు తిన్నవారు భయపడనక్కరలేదు. కాని నిత్యము తినువారును, నిత్యము ఆ పొగయెదుట నిలుచువారును జాగ్రత్త వహింపవలెను. జాలీని, పళ్లెమును ప్రతిదినము కడుగుట, క్రొవ్వును ముందుగా తీసివేయుట, మంట నేరుగా తగలకుండ కాల్చుట, మాడిన భాగమును తినకుండుట, ఇవి సులభోపాయములు.

కనిపించని విషము

కుంపటిని కడుగుటకో, వాననుండి కాపాడుటకో, వెచ్చదనమునకో ఆరీ ఆరకమునుపే ఇంటిలోనికి తెచ్చుట అన్నిటికంటె పెద్ద పొరపాటు. పొగ లేనంతమాత్రమున హాని లేదని తలంపరాదు. నివురు క్రింద రగులుచున్న బొగ్గు కార్బన్ మోనాక్సైడు అను వాయువును విడుచుచుండును. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హీమోగ్లోబినుతో అది ఆమ్లజనికంటె 200 రెట్లకు పైగా గట్టిగా కలియును. శరీరమునకు ఆమ్లజని అందక తలనొప్పి, తలతిరుగుట, వికారము, నీరసము కలుగును. నిద్రలో నున్నవారు ఈ సూచనలను గుర్తింపకయే ప్రాణములు కోల్పోవుదురు. గర్భిణులకును, గర్భస్థ శిశువులకును అపాయము మరింత అధికము. కిటికీ కొద్దిగా తెరచినంతమాత్రమున రక్షణ కలుగదు. వేలికి తగిలించు ఆక్సిజన్ కొలత పరికరము ఇట్టివారిలో సాధారణ సంఖ్యనే చూపవచ్చును. దానిని నమ్మి ఆలస్యము చేయరాదు.

ప్రమాదము సంభవించినచో

జిడ్డు అంటుకొన్నచో నీరు పోయరాదు. మరుగు జిడ్డు చిమ్మి మంట వ్యాపించును. మూతవేసి గాలి కంతలు మూయవలెను, లేదా పొడి ఇసుక చల్లవలెను. మంట లొంగనిచో దూరముగా తొలగి 101కి తెలుపవలెను.

చర్మము కాలినచో ప్రవహించు చల్లని నీటి క్రింద 20 నిమిషములు ఉంచవలెను. మంచుగడ్డ, నూనె, సిరా, పండ్లపొడి పూయరాదు. బొబ్బలు చిదుపరాదు. బూడిద గాని జిడ్డుమందు గాని కంటిలో పడినచో నలుపక, నీటితో చాలసేపు కడిగి వైద్యునికడకు పోవలెను.

విషవాయువు సోకిన అనుమానమున్నచో రోగిని వెంటనే బయటి గాలిలోనికి తెచ్చి, 108కి గాని 112కు గాని పిలుపు చేయవలెను.

జ్ఞాపకముంచుకొనవలసినవి

1. రెండు దినములు గడువనిదే బూడిద చల్లారెనని నమ్మకుడు.
2. బూడిదను మూతగల లోహపాత్రలోనే ఉంచుడు, వీధిలో పారబోయకుడు.
3. జాలీని, జిడ్డు పళ్లెమును వాడిన ప్రతిసారియు శుభ్రపరచుడు.
4. తీగె బ్రష్షునకు బదులు కొబ్బరిపీచును వాడుడు.
5. రగులు కుంపటిని గాని, బూడిద కప్పిన కుంపటిని గాని గదిలోనికి తేకుడు.
6. పిల్లలను కుంపటికి దూరముగా నుంచుడు.

ఇందులకు కావలసినది ఒక మూతగల బాల్చీ, ఒక పటకారు, ఒక అట్లకాడ, కొంచెము కొబ్బరిపీచు, కొంత ఓపిక. ఇవి అన్ని ఇండ్లలోను ఉన్నవే.