ఘాటు మిరపకు వెచ్చని మన్ను

మిరియమును తలపించు పేరు పెట్టుకొన్న మిరప నిజమునకు అమెరికా ఖండపు మొక్క. పదునారవ శతాబ్దమున పోర్చుగీసువారు దానిని మన తీరమునకు చేర్చిరి. తెలుగువాడు దానిని ఎంతగా తనదిగా చేసికొనెననగా, అది లేని ఊరగాయను ఊహింపనైన లేడు.

కారమును కొలుచుటకు 1912లో విల్బర్ స్కోవిల్ అను అమెరికా ఔషధశాస్త్రజ్ఞుడు ఒక పద్ధతి కల్పించెను. ఆ లెక్కలో గుంటూరు సన్నరకము సుమారు 35,000 నుండి 40,000 వరకు ఉండగా, ఈశాన్య భారతమున పండు భూత్ జొలోకియా పదిలక్షలు దాటి 2007లో గిన్నిస్ గ్రంథమున కెక్కినది. 2023లో ఆ స్థానము పెప్పర్ ఎక్స్ అను అమెరికా రకమునకు దక్కినది. తాండూరు కందిపప్పు కుండెడు వండినను భూత్ జొలోకియా తునక యొక్కటి చాలును!

ఇట్టి మిరపను వికారాబాదులోనో తాండూరులోనో బడిగదిలో విత్తి పెంచదలచువారు మొదట తెలిసికొనవలసినది దాని మందకొడితనము. ఇంటి మిరపవిత్తు వారము పదిరోజులలో మొలచును. భూత్ జొలోకియా విత్తు మూడు నాలుగు వారములు, ఒక్కొక్కపుడు అంతకు మించియు, ఉలుకుపలుకు లేక మట్టిలో పడియుండును. పిల్లలకు అంత ఓపిక యెక్కడిది? ఒకడు మట్టి గెలికి చూచును. మరియొకడు దాహమైనదేమో యని రోజుకు మూడుమార్లు నీరు పోయును. క్రొత్తవారి విత్తులలో పెక్కింటిని చంపునది ఈ అతిప్రేమయే. తడి నిలిచిన మట్టిలో విత్తు కుళ్లును. మొలచినను నారుకుళ్లు సోకి కాడ మొదట మెత్తబడి వాలిపోవును. మట్టి పైపొర ఆరిన పిదపనే నీరు చిలకరింపవలెను. పాత్ర అడుగున రంధ్రము తప్పనిసరి.

విత్తు కోరునది వెచ్చదనము. మట్టి 25 నుండి 30 డిగ్రీల వేడితో నుండవలెను. శీతలదేశముల పుస్తకములు జనవరిలో విత్తుమని, విద్యుత్తుతో వెచ్చబెట్టు పరుపులు వాడుమని చెప్పును. అది వారి మంచునకు తగిన మాట. అనంతగిరి చెంతనున్న వికారాబాదులో పుష్యమాసపు రాత్రులు చల్లనివి. తాండూరు ఇండ్లలో పరచు నాపరాయి వేసవిలో హాయియే కాని, చలినాళ్లలో దానిపై పెట్టిన కుండీ వేడిని పీల్చివేయును; క్రింద చెక్కపలక వేయక తప్పదు. జూన్‌లో బడులు తెరచిన వారమున విత్తినచో ఆ వెచ్చదనమును ఋతువే సమకూర్చును. గది గోడలు లేతనారును వానదెబ్బనుండి కాచును. మొలక కనబడిననాడే కుండీని కిటికీకడకు జరుపవలెను. లేనిచో వెలుతురు వెదకుచు కాడ సన్నగా సాగిపోవును. ఆరాకులు తొడిగిన పిదప కొద్దికొద్దిగా ఎండ అలవాటు చేసి, పెద్దకుండీలోనికి మార్చవచ్చును.

కారము విత్తులో నున్నదను నమ్మకము సరికాదు. విత్తులను పట్టియుండు తెల్లని భాగమున అది పుట్టును. వేడిని గుర్తించు నాడీగ్రాహకమునే అది మేల్కొల్పును. ఆ గ్రాహకమును 1997లో వెల్లడించిన డేవిడ్ జూలియస్‌కు 2021 నోబెల్ బహుమానములో భాగము లభించినది. చేతితొడుగులు లేక ఈ కాయను కోయుట, పిల్లలచే కోయించుట ఎంతమాత్రము తగదు. కారము నీటిలో కరగదు. అంటినచోట మొదట నూనె రాచి, పిదప సబ్బుతో కడుగవలెను.

మరుసటి యేటికి విత్తు కావలెనన్న మరొక జాగ్రత్త కలదు. ప్రక్కనే ఇంటి మిరప పూచినచో తేనెటీగలు రెండింటి పుప్పొడిని కలుపును. ఆ విత్తుల మొక్కలకు తల్లి ఘాటు రాకపోవచ్చును. మొగ్గ విచ్చకముందే పలుచని గుడ్డసంచి తొడిగి, పిందె పట్టిన పిదప దానిని తీసి, ఆ కాయ తొడిమకు ఎఱ్ఱదారము కట్టి యుంచవలెను.